నూనె తేలేదాకా ఆగాలి: మలయ్ వంటిల్లు, మలయ్ మర్యాదలు

మలేసియా అల్పాహారం నాసి లెమాక్ అనగానే అందరికీ కొబ్బరిపాల అన్నమే గుర్తొస్తుంది. కానీ పొద్దున్నే ఏ బల్ల ముందు జనం ఎక్కువగా నిలబడ్డారో గమనిస్తే, వాళ్లు వచ్చింది అన్నం కోసం కాదనీ పక్కన పెట్టే సంబల్ అనే మిరప ముద్ద కోసమనీ తెలిసిపోతుంది. అన్నం ఎవరు వండినా ఇంచుమించు ఒకేలా కుదురుతుంది. సంబల్ అలా కాదు, వండినవాళ్ల ఓపిక ఎంతో చెప్పేస్తుంది. మలయ్ వంటల్లో చాలావాటి సంగతి ఇంతే. సరుకులన్నీ సమకూర్చుకున్నాక కూడా వంట చెడిందంటే, తొందరపడి ముందే దించేశారనే అర్థం.

ముందుగా ఒక మాట. మలేసియా పౌరులందరూ మలయ్‌లు కారు. అక్కడ చైనీయులున్నారు, తమిళులున్నారు, తెలుగువాళ్లూ ఉన్నారు, సబా సరవాక్ రాష్ట్రాల్లో ఎన్నో స్థానిక జాతులున్నాయి. మలేసియా రాజ్యాంగం 160వ అధికరణం ప్రకారం ఇస్లాం మతస్థులై, వాడుకలో మలయ్ భాష మాట్లాడుతూ, మలయ్ ఆచారాలు పాటించేవాళ్లు మలయ్‌లు. వంటింట్లో పంది మాంసం, మద్యం అడుగుపెట్టకపోవడం, పండగలు చంద్రుణ్ణి బట్టి రావడం, విందులో కుడిచేతికున్న విలువ, వీటన్నిటికీ మూలం అక్కడే ఉంది.

సరే, అన్నంతో మొదలుపెడదాం. 2 కప్పుల జాస్మిన్ బియ్యం తీసుకుని నీళ్లు తేటపడేదాకా కడగాలి. 1 కప్పు చిక్కటి కొబ్బరిపాలు, ఒకటిన్నర కప్పు నీళ్లు, ముప్పావు చెంచా ఉప్పు, నాలుగు అల్లం చక్రాలు, రెండు పాండాన్ ఆకులు కావాలి. పాండాన్ మొగలి జాతి మొక్కే. ఆకుల్ని కొద్దిగా నలిపి ముడి వేసి పడేస్తే వాసన దిగుతుంది, వడ్డించేటప్పుడు తీసేయడమూ తేలిక. కొబ్బరిపాలన్నీ మొదట్లోనే పోయకండి, పావు కప్పు ఆపుకోండి. చిక్కటి పాలు ఒకేసారి పోస్తే కొవ్వు పైకి తేలి పొరకడుతుంది. అడుగున మాడుతుంది, పైన గింజ పలుకుగానే ఉంటుంది. రైస్ కుక్కర్ 'వార్మ్'కి మారగానే మూత తీసి, అన్నాన్ని అడుగునుంచి పైకి మెల్లగా తిరగేసి, ఆపుకున్న పాలు పైన చిలకరించి 10 నిమిషాలు మూతపెట్టి వదిలేస్తే సరి. పాతకాలం ఇళ్లలో బియ్యం నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి, కొబ్బరిపాలు కలిపి మళ్లీ ఆవిరి పట్టేవారు. ఆ పద్ధతిలో మెతుకు విడివిడిగా వస్తుంది, పని మాత్రం రెట్టింపు.

ఇక సంబల్. నలుగురైదుగురికి 30 ఎండుమిరపకాయలు, 10 చిన్న ఉల్లిపాయలు, 4 వెల్లుల్లి రెబ్బలు, ఒక చెంచాడు బెలాచాన్. ఈ బెలాచాన్ సన్న రొయ్యల్ని ఉప్పేసి పులియబెట్టి, ఎండబెట్టి, దంచి అచ్చులుగా చేసిన ముద్ద. పచ్చిగా వాడకూడదు. రేకులో చుట్టి పెనం మీద రెండువైపులా కాల్చాలి, వేలితో నలిపితే పొడిపొడిగా రాలేదాకా. ఆ ఘాటు ఇల్లంతా పట్టుకుంటుంది కాబట్టి కిటికీలు తీసిపెట్టుకునే ఈ పనిలోకి దిగాలి.

మిరపకాయల్ని కత్తెరతో అంగుళం ముక్కలు చేసి, దులిపి గింజలు తీసేసి, నీళ్లలో 10 నిమిషాలు ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. నానబెట్టి ఊరుకుంటే తొక్క మెత్తబడదు, సంబల్‌లో పలుకులుగా తగులుతుంది. తర్వాత ఉల్లి, వెల్లుల్లి, కాల్చిన బెలాచాన్ చేర్చి మెత్తగా రుబ్బాలి. మిక్సీ తిరగడం లేదని నీళ్లు పోయకండి, రెండు చెంచాల నూనె పోయండి. నీళ్లు పోస్తే అవి ఇగిరేదాకా ముద్ద ఉడుకుతుందే తప్ప వేగదు.

బాణలిలో ముప్పావు కప్పు నూనె పోసి, అది వేడెక్కాక ముద్ద వేసి మంట తగ్గించాలి. అంత నూనె చూసి భయపడి తగ్గించుకున్నవాళ్ల సంబల్ ఎప్పటికీ కుదరదు. ముందు ముద్ద నూనెనంతా పీల్చేసుకుంటుంది. బాణలి పొడిగా కనబడుతుంది, చిటపటమని మొహం మీదికి ఎగురుతుంది. చాలామంది ఇక్కడే కంగారుపడి చింతపండు పులుసు పోసేస్తారు. పోయకూడదు. 15 నుంచి 20 నిమిషాలు అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. ఎర్రటి రంగు మెల్లగా ఇటుక రంగుకి, అక్కణ్ణుంచి ఇంకా ముదురుకి తిరుగుతుంది. చిటపటలు తగ్గి, పీల్చుకున్న నూనె అంచుల్లో తిరిగి ఊరుతుంది. గరిటెతో ముద్దను పక్కకి జరిపితే ఆ ఖాళీలోకి ఎర్రటి నూనె మాత్రమే జారాలి, నీళ్లు కారకూడదు. మలయ్‌లో దీన్ని పెచా మిన్యాక్ అంటారు. అది రాకముందే పులుసు పోస్తే మిరప పచ్చివాసన లోపలే ఉండిపోతుంది. అలాంటి సంబల్ తింటే కడుపు నొప్పి వస్తుందని మలయ్ ఆడవాళ్లు గట్టిగా చెబుతారు. పైగా సాయంత్రానికే పాడవుతుంది.

నూనె తేలాకే ఉసిరికాయంత చింతపండు పులుసు, రెండు మూడు చెంచాల గులా మెలాకా, చక్రాలుగా తరిగిన ఒక పెద్ద ఉల్లిపాయ వేయాలి. గులా మెలాకా అంటే కొబ్బరి పూగుత్తి నుంచి తీసిన, పులియని తీపి కల్లుతో కాచే ముదురు బెల్లం. బెల్లం ముందే వేస్తే మాడి చేదెక్కుతుంది. మళ్లీ 10, 15 నిమిషాలు సన్న సెగన ఉంచి, రెండోసారి నూనె తేలినప్పుడు దించాలి. ఉప్పు చివర్లో, అదీ రుచి చూశాకే. ఎందుకంటే బెలాచాన్‌లో ఉప్పుంది, ఇంకా కలపాల్సిన ఇకాన్ బిలిస్‌లోనూ ఉంది. వేలెడంత కూడా లేని ఈ ఎండు నెత్తళ్లను కడిగి, గుడ్డమీద పూర్తిగా ఆరబెట్టి వేయించాలి. తడిగా వేస్తే నూనె చిందుతుంది, చేప కరకరలాడకుండా సాగుతుంది. సగం సంబల్‌లో కలిపి, మిగతా సగాన్ని వేయించిన పల్లీలతో పాటు పళ్లెంలో పక్కన వడ్డిస్తారు. కీరా ముక్కలు, ఉడికించిన గుడ్డు సగం ముక్క ఉంటే పళ్లెం నిండినట్టే. కోడి, గొడ్డుమాంసం వేపుళ్లు హోటళ్లు చేర్చుకున్న హంగులు.

పొట్లం కట్టేవాళ్లకి రెండు జాగ్రత్తలు. అరటాకును మంటకు చూపించి, రంగు ముదిరి మెత్తబడ్డాకే వాడాలి, లేకపోతే ఈనె వెంబడి చీలిపోతుంది. అన్నం ఆవిరి పోయాకే చుట్టాలి. కొబ్బరిపాల అన్నం వేడి మీద పొట్లం కడితే మధ్యాహ్నానికే పాచిపోతుంది. అందుకే అమ్మేవాళ్లు తెల్లవారుజామున వండి, పొద్దెక్కేలోగా అమ్మేసుకుని వెళ్లిపోతారు. నాసి లెమాక్, పొరల రొట్టె రోటీ చనాయ్, నురగ పొంగేలా ఎత్తునుంచి పోసే పాల టీ తే తారిక్ వంటివాటితో కూడిన మలేసియా అల్పాహార సంస్కృతి 2024 డిసెంబరులో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి ఎక్కింది. తే తారిక్ తాగేవాళ్లకో చిన్న సలహా: చెప్పకపోతే తియ్యటి గట్టిపాలు ధారాళంగా పోస్తారు. చక్కెర జబ్బున్నవాళ్లు "కురాంగ్ మానిస్" అని ముందే చెప్పాలి, తీపి తగ్గిస్తారు.

మధ్యాహ్నం భోజనానికి వేరే సంబల్ ఉంది, దాన్ని వేయించే పనే లేదు. 6 పచ్చి ఎర్రమిరపకాయలు, కాల్చిన బెలాచాన్ ఒక చెంచా, రాతి రోట్లో కచ్చాపచ్చాగా దంచి, పైన లిమావ్ కస్తూరి అనే బుల్లి నిమ్మకాయల రసం పిండడమే. మిక్సీలో వేస్తే నీరుగారిపోతుంది, దంచితేనే బాగుంటుంది. దీన్ని ఉలాంతో తింటారు. ఉలాం అంటే పచ్చి ఆకులు, కాయలు: సరస్వతి ఆకు, ఉలాం రాజా, నాలుగు రెక్కల చిక్కుడు, ఘాటు వాసన వేసే పెతాయ్ గింజలు. కొన్నిటిని మరిగే నీళ్లలో ఒక్క క్షణం ముంచి తీస్తారు, ఎక్కువ పచ్చివే. కెలంతాన్ రాష్ట్రంలో శంఖుపూల రంగుతో నీలంగా వండిన నాసి కెరాబు అనే అన్నం మీద ఈ ఆకుల్నే సన్నగా తరిగి చల్లి, బుడు అనే పులిసిన నెత్తళ్ల ద్రావకం పోసుకుంటారు. ఆ వాసనకి అలవాటు పడటానికి కొంత కాలం పడుతుంది.

కొబ్బరిపాలలో నీరు ఇగిరేదాకా మాంసం ఉడికించే రెండాంగ్ దగ్గర మళ్లీ ఓపిక కావాలి. కిలో గొడ్డుమాంసానికి 800 మిల్లీలీటర్ల చిక్కటి కొబ్బరిపాలు. రుబ్బడానికి 25 ఎండుమిరపకాయలు, 15 చిన్న ఉల్లిపాయలు, 5 వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం, అంతకన్నా కొంచెం పెద్ద దుంపరాష్ట్రకం ముక్క. చితక్కొట్టిన నిమ్మగడ్డి కాడలు 4, లిమావ్ పురుత్ అనే గరుకుతోలు నిమ్మ ఆకులు 5, సన్నగా తరిగిన పసుపు ఆకు ఒకటి. ముక్క పెద్దదిగా, కాస్త నరమున్న భాగం నుంచి కొట్టించుకోవాలి. మెత్తటి ముక్క రెండున్నర గంటల సెగకి పీచుపీచై విడిపోతుంది. నూరిన ముద్దను వేయించి, మాంసం వేసి, కొబ్బరిపాలు పోశాక ఇక మూత పెట్టకూడదు. మూత పెడితే నీరు ఇగరక అది కూరగానే ఉండిపోతుంది. పెద్ద మంట మీద పాలు విరుగుతాయి. రెండున్నర నుంచి 3 గంటలు సన్న సెగ మీద, చివరి గంట మరీ జాగ్రత్తగా కలుపుతూ ఉండాలి.

దీనికి అసలు ప్రాణం కెరిసిక్. తురిమిన కొబ్బరిని నూనె లేకుండా సన్న సెగన ముదురు గోధుమ రంగు వచ్చేదాకా వేయించి, వేడిగా ఉన్నప్పుడే రోట్లో దంచాలి. ముందు పొడి అవుతుంది, ఇంకా దంచితే ముద్ద అవుతుంది, ఇంకా దంచితే నూనె వదిలి మెరుస్తూ జారుడుగా వస్తుంది. చల్లారాక మొదలుపెడితే ఎంత దంచినా నూనె రాదు. కొబ్బరి ఒక పక్క మాడినా రెండాంగ్ మొత్తం చేదెక్కుతుంది, కాబట్టి వేయించేటప్పుడు ఫోన్ పట్టుకోవద్దు. కిలో మాంసానికి 5, 6 పెద్ద చెంచాల కెరిసిక్ చివరి అరగంటలో కలపాలి. అది గ్రేవీని పట్టుకుని ముక్కకు అంటిస్తుంది. 2018లో బ్రిటన్ టీవీ వంటల పోటీ ఒకదానిలో, కోడి రెండాంగ్‌లో తోలు కరకరలాడలేదని న్యాయనిర్ణేత తప్పుపట్టాడు. మలేసియాలోనే కాదు, ఇండొనేసియాలోనూ జనం మండిపడ్డారు. గంటల తరబడి కొబ్బరిపాలలో ఉడికే వంటలో తోలు కరకరలాడాలని అడగడం ఏం న్యాయం! నెగెరి సెంబిలాన్ రాష్ట్రంలో మాత్రం రెండాంగ్ ఎర్రగా ఉండదు. సుమత్రా నుంచి వచ్చిన మినాంగ్‌కబావ్ వాళ్ల ప్రభావంతో అక్కడ బుల్లి పచ్చిమిరపకాయలు, పసుపు వేసి వండుతారు. కారం మాత్రం ఎర్రదాన్ని మించుతుంది.

మలయ్ ఇంటికి వెళ్లేటప్పుడు చెప్పులు బయటే విప్పాలి. గుమ్మం దగ్గర నిలబడి సలాం చెబుతారు, మూడుసార్లు చెప్పినా బదులు రాకపోతే తిరిగి వెళ్లిపోవడమే పద్ధతి. చెయ్యి కలిపితే గట్టిగా ఊపరు, మెల్లగా తాకించి ఆ చేతిని గుండెకు ఆనించుకుంటారు. పరాయి ఆడవాళ్లకు మగవాళ్లు చెయ్యి చాపకూడదు, వాళ్లు చాపితేనే కలపాలి. చాపకపోతే గుండె మీద చెయ్యి పెట్టి నవ్వితే చాలు, ఎవరూ నొచ్చుకోరు. పిల్లలు పెద్దల చేతిని ముక్కుకో నుదుటికో ఆనించుకుంటారు. ఏదైనా చూపించాలంటే చూపుడువేలు వాడరు, పిడికిలి మూసి బొటనవేలితో చూపిస్తారు. కూర్చున్న పెద్దల ముందునుంచి నడవాల్సివస్తే కుడిచెయ్యి కిందికి చాచి, కొంచెం వంగి దాటాలి. పేరు చివర ఉన్నది ఇంటిపేరు కాదు, తండ్రి పేరు. కాబట్టి అహ్మద్ బిన్ ఇస్మాయిల్‌ను ఎన్‌చిక్ (శ్రీ) అహ్మద్ అనాలే గానీ ఎన్‌చిక్ ఇస్మాయిల్ అంటే వాళ్ల నాన్నని పిలిచినట్టే. వయసులో పెద్దవాళ్లను పాక్ చిక్ (బాబాయ్), మాక్ చిక్ (పిన్ని) అంటే సరిపోతుంది.

చాప మీద విస్తరి పరిచిన చోట కూజాతో నీళ్లు, కింద జల్లెడ మూత ఉన్న పళ్లెం కనబడితే అవి చేతులు కడుక్కోవడానికి. తాగే నీళ్లనుకుని గ్లాసులో పోసుకునే కొత్తవాళ్లు ఉంటారు. అన్నం ముందు, కూరలు కొద్దికొద్దిగా తర్వాత. కుడిచెయ్యి ఎంగిలవుతుంది గనక గరిటెను ఎడమచేత్తో పట్టుకుంటారు. వస్తువు ఇచ్చేటప్పుడు మాత్రం కుడిచెయ్యే.

కడుపు నిండి ఉన్నా పళ్లెం మీదకు చెయ్యి చాపకుండా లేవకూడదు. "జెంపుత్ మాకాన్" (దయచేసి తినండి) అని పెట్టినదాన్ని ఒక్క ముద్దైనా తిని లేవాలి. కాస్త ఎంగిలిపడితే చాలన్నమాట. ఏమీ ముట్టకుండా గడప దాటినవాడికి దారిలో కీడు జరుగుతుందని కెంపునాన్ అనే నమ్మకం ఉంది. అందుకే నిజంగా తినలేని వాళ్లు కనీసం పళ్లేన్నో ఆ పదార్థాన్నో వేలితో తాకి వెళతారు. తీసుకెళ్లే కానుకగా పళ్లు, హలాల్ ముద్ర ఉన్న బిస్కట్లు మంచివి. బయలుదేరేటప్పుడు ఇంటావిడ మిగిలిన కూర డబ్బాలో పెట్టిస్తుంది, వద్దని మొహమాటపడకుండా తీసుకోవడమే మర్యాద.

పెళ్లి విందుకు కెందూరి అని పేరు. పల్లెల్లో ఇప్పటికీ ముందురోజే చుట్టుపక్కలవాళ్లు వచ్చి ఉల్లిపాయలు తరగడం, పెద్ద కళాయిలు పొయ్యికెక్కించడం జరుగుతుంది, దాన్ని రెవాంగ్ అంటారు. నెయ్యన్నం, ఎర్రటి కోడికూర, కీరా అనాస పచ్చడి, పప్పు కూరగాయలతో చేసే దాల్చా మామూలుగా ఉంటాయి. విందు పొద్దున 11 నుంచి సాయంత్రం 4 దాకా సాగుతుంది, ఎప్పుడు వెళ్లినా తప్పులేదు. తిన్నాక బల్ల ఖాళీ చేసి తర్వాతివాళ్లకి చోటివ్వాలి, ముచ్చట్లు నిలబడి చెప్పుకోవచ్చు. చదివింపుల డబ్బు కవర్లో పెట్టి వెళ్లేటప్పుడు ఇంటివాళ్ల చేతిలో చెయ్యి కలుపుతూ అందిస్తారు. బదులుగా ఒక చిన్న పొట్లం చేతికిస్తారు. ఒకప్పుడు అందులో పువ్వు కట్టిన ఉడికించిన గుడ్డు ఉండేది, ఇప్పుడు కేకో చాక్లెట్లో ఉంటున్నాయి. వరుడి వైపు నుంచి వచ్చే కానుకల పళ్లేలు బేసి సంఖ్యలోనే ఉంటాయి. 5 వస్తే వధువు వైపు నుంచి 7 తిరిగి వెళతాయి.

ఇక హరి రాయా, అంటే రంజాన్ పండగ. రంజాన్ నెల ముగుస్తుండగా నెలవంక కబురును రాజుల ముద్రాధికారి టీవీలో ప్రకటిస్తారు, దేశమంతా ఆ క్షణం కోసం కాచుకుని కూర్చుంటుంది. నమాజుకి ముందే ప్రతి మనిషి పేరా జకాత్ ఫిత్రా అనే దానం చెల్లించాలి, సుమారు 2.7 కిలోల బియ్యం లేదా దాని వెల. ఆ రోజు పొద్దున చిన్నవాళ్లు పెద్దల ముందు మోకరిల్లి, ఏడాదిలో చేసిన తప్పులకి క్షమాపణ అడుగుతారు. అప్పుడనే మాట "మాఫ్ జాహిర్ దాన్ బాతిన్". పండగ రెండు రోజుల సెలవుతో ఆగదు, రంజాన్ తర్వాతి షవ్వాల్ నెలంతా ఇళ్లకు రాకపోకలు సాగుతాయి. మొదటిరోజు బంధువులకు వదిలేసి, తర్వాత పిలిచిన రోజున వెళ్లడం బాగుంటుంది. ఒకే రోజు నాలుగిళ్లకు వెళ్లాల్సివస్తే మొదటి ఇంట్లో కడుపు నింపుకోకండి, నాలుగో ఇంట్లోనూ రెండాంగ్ ఎదురుచూస్తుంటుంది. ఆ ఇళ్లలో పిల్లలుంటే 5, 10 రింగిట్ల కొత్తనోట్లు చిన్న కవర్లలో పెట్టుకుని వెళ్లాలి. ఈ దూయిత్ రాయా అలవాటు చైనీయుల ఎర్రకవర్ల నుంచి వచ్చింది, ఇక్కడ ఎక్కువగా ఆకుపచ్చ కవర్లే.

కెతుపాత్ అంటే లేత కొబ్బరాకు అల్లిక లోపల ఒత్తుగా ఉడికిన అన్నం. కడిగిన బియ్యాన్ని అల్లికలో సగం దాకా నింపాలి. ఎక్కువ నింపితే లోపల పలుకు ఉండి అల్లిక పగులుతుంది, తక్కువైతే ముద్దగా జారుతుంది. 4 గంటలు మరిగే నీళ్లలో పూర్తిగా మునిగి ఉండాలి. నీళ్లు తగ్గినప్పుడు చన్నీళ్లు కాదు, మరిగే నీళ్లే పోయాలి. దించగానే వరుసగా వేలాడదీసి నీరు పూర్తిగా కారనివ్వాలి, తడి మిగిలితే మర్నాటికి జిగురు సాగుతుంది. లెమాంగ్‌కు జిగురు బియ్యం కావాలి. లేత అరటాకు చుట్ట లోపల పెట్టిన వెదురుబొంగులో నానిన బియ్యం వేసి, ఉప్పు కలిపిన కొబ్బరిపాలు పోసి, పైన నాలుగు వేళ్ల ఖాళీ వదిలి, నిప్పుల పక్కన ఏటవాలుగా నిలబెట్టి తిప్పుతూ కాలుస్తారు. బొంగు ఎండినదైతే మంటకు అంటుకుంటుంది, పచ్చిదే కావాలి.

మిగిలిన కెతుపాత్ ఫ్రిజ్‌లో గట్టిపడితే కోయకుండా అల్లికతోనే 15 నిమిషాలు మరిగే నీళ్లలో వేస్తే మళ్లీ మెత్తబడుతుంది. రెండాంగ్‌ను మాత్రం నీళ్లు చిలకరించకుండా, దాని నూనెలోనే సన్న సెగన వేడిచేయాలి. మూడోరోజుకి దాని రుచి మొదటిరోజు కంటే పెరుగుతుంది, అప్పటిదాకా మిగిలితే.